నాన్న డయాలసిస్ ఆపితేనే విశ్వాసం ఉన్నట్టా? పెద్దలు కొంచెం చెప్పండి

ఉద్దానం అమ్మాయి:

ప్రైజ్ ద లార్డ్ అందరికీ. మాది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర ఒక పల్లెటూరు, ఉద్దానం అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, కిడ్నీ జబ్బు అనగానే పేపర్లో పడే ఊళ్లు మావే. మా నాన్నకి షుగర్ లేదు, తాగుడు లేదు, జీవితమంతా కొబ్బరి తోటల్లో జీడి తోటల్లో కష్టపడిన మనిషి, అయినా రెండు కిడ్నీలూ పోయాయి. ఎందుకొచ్చిందో ఇదీ కారణం అని డాక్టర్లే తేల్చి చెప్పలేకపోతున్నారు, నీళ్లంటారు ఎండలో పని అంటారు ఇంకేవో అంటారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆరోగ్యశ్రీలో జరుగుతోంది, పెన్షన్ కూడా వస్తోంది, ఆ విషయంలో దేవునికి స్తోత్రం.

నేను అడగాలనుకున్నది జబ్బు గురించి కాదు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని ఒక్కో బైబిల్ వచనం రాసిన వాగ్దానం కార్డులు తీస్తాం కదా, నాన్న తీసిన కార్డులో కీర్తన 118:17 వచ్చింది, "నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను". చర్చి మొత్తం చప్పట్లు కొట్టారు, అమ్మ అక్కడే ఏడ్చేసింది, ఆ కార్డుని లామినేషన్ చేయించి డయాలసిస్ ఫైల్లో మొదటి పేజీగా పెట్టింది. ఆ తర్వాత నాన్న ఒళ్లు ఇంకా తగ్గిపోయింది తప్ప కోలుకోలేదు.

ఇప్పుడు వేరే ఊరి నుంచి వచ్చే ఒక దైవజనుడు మా వీధిలో గృహకూడికలు పెడుతున్నారు. మా సంఘ కాపరి కాదు, ఆయన వేరు. ఈయన నాన్న తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, వాగ్దానం చేతిలో పెట్టుకుని మెషీన్ మీద ఆనుకుంటే అది అవిశ్వాసం, మూడు రోజులు నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండి డయాలసిస్ మానెయ్యండి, దేవుడు కొత్త కిడ్నీలు పెడతాడు అన్నారు. పైగా మీ ఇంట్లో ఎవరికో అనుమానం ఉంది అందుకే కార్యం ఆగిపోయింది అని అందరి ముందూ నావైపు చూశారు. నేను డిగ్రీ చదివాను, ప్రశ్నలు అడుగుతాను, అదే నా తప్పేమో. అమ్మ ఇప్పుడు నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. నాన్న వచ్చే వారం నుంచి వెళ్లను అంటున్నాడు.

అసలు విశ్వాసం అంటే ఏంటండీ? బాగైపోతుంది అని ఒక్క ఇసుమంత అనుమానం లేకుండా అనుకోవడమా? నాకు రాత్రిపూట నాన్న ఊపిరి వింటూ భయమేస్తుంది, ఆ భయం వల్ల నా ప్రార్థన కొట్టివేయబడుతుందా? దేవుడు వాగ్దానం ఇచ్చి తప్పుతాడా, లేక మేమే ఏదో తప్పు చేస్తున్నామా? దయచేసి ఓదార్పు మాటలు కాకుండా నిజం చెప్పండి.

ఒంగోలు అయ్యగారు:

అమ్మా, అన్నిటికన్నా ముందు ఒక మాట. నాన్నగారు డయాలసిస్ ఒక్కసారి కూడా మానకూడదు. మిగతా మాటలన్నీ దాని తర్వాతే. నేను బాప్టిస్టు సంఘాల్లో పాస్టరుగా చేసి రిటైర్ అయ్యాను, ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

2 రాజులు 20వ అధ్యాయం అమ్మతో కలిసి చదువు. యూదా రాజు హిజ్కియాకి మరణకరమైన రోగం వచ్చింది, గోడవైపు తిరిగి ఏడ్చాడు, దేవుడు యెషయా చేత "నీ కన్నీళ్లు చూచితిని" అని కబురు పంపి ఇంకా 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానన్నాడు. ఇంతకన్నా స్పష్టమైన వాగ్దానం బైబిల్లో ఎవరికైనా దొరికిందా? పేరు పెట్టి, సంవత్సరాలు లెక్కపెట్టి మరీ ఇచ్చాడు. ఆ వెంటనే 7వ వచనంలో అదే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించాడు, దాన్ని కురుపు మీద వేశారు, రాజు బాగుపడ్డాడు. వాగ్దానం మోసుకొచ్చిన ప్రవక్తే మందు కూడా వేయించాడు. అక్కడ ఎవరూ ఆయన్ని అవిశ్వాసి అనలేదు. పౌలు తిమోతికి కడుపు జబ్బుకి ఏం పుచ్చుకోవాలో ఉత్తరంలో రాశాడు, లూకాని ప్రియుడైన వైద్యుడు అని ఆప్యాయంగా పిలిచాడు.

ఇంక మెషీన్ మానేసి దేవుణ్ణి చూద్దాం అనే మాట. మత్తయి 4లో అపవాది ప్రభువుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారు అన్నాడు, అన్నది ఊరికే కాదు 91వ కీర్తన చూపించి అన్నాడు. లేఖనం చూపించినంత మాత్రాన ఆ సలహా దేవునిది అయిపోదు. ప్రభువు ఏమన్నాడు? "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు, అంతేగాని తండ్రిని నమ్ముతున్నానని నిరూపించుకోడానికి దూకలేదు. ఆ దైవజనుడికి ఈ వాక్యం చూపించి, మరి మీరు చెప్పేదానికీ దీనికీ తేడా ఏంటి అని గౌరవంగా అడుగు.

కార్డు సంగతి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మ దాన్ని పట్టుకుని బతుకుతోంది. 118వ కీర్తన మొత్తం చదివితే, శత్రువులు చుట్టుముట్టిన ఒకాయన ఆపదలోంచి బయటపడ్డాక దేవునికి స్తుతి చెల్లిస్తూ పాడింది అది. ప్లేటులోంచి కార్డు తీసిన ప్రతి మనిషికీ ఈ సంవత్సరం చావు లేదు అని దేవుడు రాసిచ్చిన పత్రం కాదు. నేనూ కార్డులు పంచాను, ఆదరణ దొరుకుతుంది, కాదనను, దేవుడు ఆ మాటతో ఆ రాత్రి మీ అమ్మని నిలబెట్టి ఉండొచ్చు. కానీ ఆ వచనం రోగం గురించి మనకి రాసిచ్చిన హామీ అనుకుంటే, దేవుడు ఇవ్వని మాటకి ఆయన్ని అప్పుదారుని చేసినట్టు అవుతుంది, అది నెరవేరకపోతే మాట తప్పాడు అని దేవుడి మీదే కోపం వస్తుంది. మీ విషయంలో నా ఉద్దేశాలు మేలుకే అనే యిర్మీయా 29:11 కూడా ఇంతే, అందరి గోడల మీదా ఉంటుంది, అది బబులోను చెరలోకి వెళ్లినవాళ్లకి రాసిన ఉత్తరం, దానికి ముందు వచనంలోనే బబులోనులో 70 సంవత్సరాలు అని ఉంది. ఆ ఉత్తరం మొదటిసారి విన్న పెద్దవాళ్లు తిరిగి యెరూషలేము చూడకుండానే పోయారు కదా. వాళ్లకి ఆ వాగ్దానం అబద్ధం అయిందా? కాలేదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని అదే ఉత్తరంలో చెప్పాడు.

మరి ఆయన ఖచ్చితంగా ఇచ్చిన మాట ఏది? నిన్ను విడువను, ఎడబాయను అన్నాడు. మరణమైనా క్రీస్తు ప్రేమనుండి మనల్ని ఎడబాపలేదని రోమా 8లో ఉంది. వాటిమీద బరువంతా వేయొచ్చు.

విశ్వాసం అంటే ఏంటి అని అడిగావు. దేవుడు ఫలానాది చేస్తాడు అని మన మనసుని మనం బలవంతంగా ఒప్పించుకోవడం కాదమ్మా. దేవుడు ఎలాంటివాడో తెలుసుకుని, ఆయన ఏం చేసినా ఆయన చేతిలోనే ఉండటం. రాజు నిలబెట్టిన ప్రతిమకి మొక్కనన్న షద్రకు మేషాకు అబేద్నెగోలు అగ్నిగుండం ముందు రక్షించుటకు ఆయన సమర్థుడు అన్నారు, ఆ వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అని కూడా అన్నారు. ఈ రెండో మాట అన్నందుకు వాళ్ల విశ్వాసం తగ్గిందని ఎవరైనా అనగలరా?

మా ఒంగోలు సంగతి ఒకటి చెప్పి ఆపేస్తా. 1876-78 కరువు అంటే మా వైపు పెద్దల నోట ఇంకా వినపడే మాట, జనం ఆకలితో రోడ్ల మీద పడిపోయారు. అప్పుడు ఇక్కడ ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ప్రార్థన చేసుకుంటూ కూర్చోలేదు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చి కూలి ఇప్పించారు. వేలమంది బాప్తిస్మం అడిగితే కరువు ఉన్నంతకాలం ఇవ్వలేదు, తిండి కోసం దేవుడి దగ్గరికి వచ్చారన్న మాట ఉండకూడదని. కరువు తగ్గి ఇచ్చేది ఏమీ లేకుండా పోయాక కూడా వాళ్లు మళ్లీ వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చాలామంది మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్లు, చదువు లేదు, భూమి లేదు, ఏం దొరుకుతుందని వచ్చారు? దేవుడే కావాలని వచ్చారు. మీ నాన్నగారు ఆ కోవలో మనిషే అనిపిస్తోంది నాకు.

కువైట్ నర్సు అక్క:

చెల్లీ వందనాలు. నేను కువైట్లో డయాలసిస్ యూనిట్లో నర్సుని, మాది ఏలూరు దగ్గర. అయ్యగారు వాక్యం చెప్పారు, నేను మెషీన్ దగ్గర చూసేది చెప్తా, అమ్మకి ఇది చదివి వినిపించు.

కిడ్నీలు పని చెయ్యకపోతే నీళ్లు బయటికి పోవు, పొటాషియం బయటికి పోదు. ఒక సెషన్ మానేస్తే పైకి ఏం తెలియకపోవచ్చు, మనిషి బాగానే ఉన్నాడే అనిపిస్తుంది, అక్కడే మోసపోతారు. నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరి పడుకుంటే ఆయాసం వస్తుంది, పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోవచ్చు. మీది కొబ్బరి ఊరు కదా, కొబ్బరి నీళ్లలో పొటాషియం చాలా ఎక్కువ, ఉపవాసం తర్వాత నీరసంగా ఉందని ఎవరైనా బొండాం కొట్టి ఇస్తారేమో, అస్సలు తాగనివ్వకు. మూడు రోజుల ఉపవాసం డయాలసిస్ మనిషి సొంతంగా చేసేది కాదు, డాక్టర్ని అడగకుండా ఒద్దు. ఆయన కోసం ఉపవాసం ఉండాలనుకుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఉండండి.

రాత్రి నాన్న ఊపిరి వింటున్నా అన్నావు చూడు, అది భయం అని నువ్వు అనుకుంటున్నావు గానీ నేనైతే దాన్ని వదలొద్దు అంటా. రెండు దిండ్లు పెట్టుకుంటేగాని పడుకోలేకపోతున్నాడా, కాళ్లు వాచాయా, రెండు సెషన్ల మధ్య బరువు ఎంత పెరిగింది, ఇవి రాసిపెట్టుకో, వెళ్లినప్పుడు అక్కడి సిస్టర్‌కి చెప్పు. డయాలసిస్ సూదులు పెట్టడానికి చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు కదా, రోజూ పొద్దున దానిమీద వేళ్లు పెట్టి చూడు, జివ్వుమని కొట్టుకోవాలి, కొట్టుకోకపోతే వెంటనే హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యండి. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోనివ్వొద్దు.

నా డ్యూటీ గురించి ఒక్క విషయం. ప్రతి పేషెంటుకీ సూది పెట్టే ముందు నేను లోపల ప్రభువుని పిలుచుకుంటా. ఆ నాలుగు గంటలు రక్తం ట్యూబుల్లోంచి ఫిల్టర్లోకి వెళ్లి శుభ్రమై తిరిగి ఒంట్లోకి వస్తుంటే చూస్తూ ఉంటా, సెషన్ మొదట్లో మూలుగుతూ వచ్చిన ముసలాయన చివరికి లేచి కూర్చుని ఇంట్లో ఏం వండారో అని మాట్లాడతాడు. అది దేవుడి చెయ్యి కాదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ మెషీన్ కనిపెట్టినవాళ్లకి బుర్ర ఇచ్చింది ఎవరు? మీ నాన్న మెషీన్ మీద ఆనుకోవట్లేదమ్మా, ఆ మెషీన్ ద్వారా కూడా దేవుడి మీదే ఆనుకుంటున్నాడు.

ట్రాన్స్‌ప్లాంట్ సంగతి కూడా డాక్టర్ని అడిగి పెట్టుకోండి, అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించొచ్చా అని. కొత్త కిడ్నీ దేవుడు అలా కూడా ఇస్తాడు.

బెజవాడ బ్రదర్:

అందరికీ ప్రైజ్ ద లార్డ్. నేను పెంతెకోస్తు సంఘం వాణ్ణి, స్వస్థత ఉంది అని గట్టిగా నమ్ముతా, కాబట్టి కొంచెం వేరేగా చెప్పాలని ఉంది. డయాలసిస్ ఆపకూడదు, అందులో నాకు రెండో మాట లేదు, ఆపమన్న ఆ వ్యక్తిని చూస్తే బాధగా ఉంది. కానీ అయ్యగారి మాట విని ఇంక స్వస్థత అడగడం మానేస్తారేమో అని నాకు భయం. "ఒకవేళ రక్షింపకపోయినను" అనే మాటని మన సంఘాల్లో చాలామంది ముందే వెనక్కి తగ్గడానికి వాడుకుంటున్నారు, అడిగితే ఇవ్వడేమో, సిగ్గుపోతుందేమో అని చిన్న చిన్న ప్రార్థనలు చేసి ఊరుకుంటారు. సువార్తల్లో యేసయ్య దగ్గరికి వచ్చినవాళ్లు అలా రాలేదు. కుష్ఠరోగి మోకాళ్లూని "నీకిష్టమైతే నన్ను శుద్ధునిగా చేయగలవు" అన్నాడు, అదే మాటలో అధికారం ఆయనకే వదిలేశాడు, అడగాల్సింది అడిగేశాడు కూడా. ఆయన చెయ్యి చాపి ముట్టుకున్నాడు, ఎవరూ ముట్టని మనిషిని. సిస్టర్, మీరు కూడా నాన్నకి కిడ్నీలు బాగుచెయ్యి ప్రభువా అని నోరు తెరిచి అడగండి, రోజూ అడగండి, లూకా 18లో విధవరాలిలా విసిగించండి. ఆయనకి విసుగు రాదు.

మీ ఇంట్లో ఎవరికో అనుమానం ఉంది కాబట్టి కార్యం ఆగింది అన్నారు కదా, ఇది వాక్యంలో నిలబడదు. వాళ్లు చూపించేది మార్కు 6, నజరేతులో అవిశ్వాసం వల్ల అద్భుతాలు చేయలేకపోయాడు అని. అక్కడ జనం యేసుని తృణీకరించారు, ఈ వడ్లవాడేనా అని అభ్యంతరపడ్డారు, ఏడుస్తూ ఆయన దగ్గరికే వచ్చిన కూతురి గురించి కాదు అది. మార్కు 2లో పైకప్పు విప్పి పక్షవాయువు గలవాణ్ణి దించినప్పుడు వారి విశ్వాసము చూచి అని ఉంది, మోసుకొచ్చినవాళ్ల విశ్వాసం కూడా చూశాడన్నమాట. యోహాను 5లో బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్ల రోగికి తనని బాగుచేసింది ఎవరో కూడా తెలియదు. లాజరుకి అయితే చెప్పక్కర్లేదు, సమాధిలో ఉన్నవాడికి ఏం విశ్వాసం ఉంటుంది. యాకోబు 5 చూపిస్తారు, విశ్వాససహితమైన ప్రార్థన రోగిని స్వస్థపరచును అని, అక్కడ ప్రార్థన చేసేది సంఘ పెద్దలు. మరి రోగి లేవకపోతే ముందు తన విశ్వాసం పరీక్షించుకోవాల్సింది ఆ ప్రార్థన చేసిన పెద్దమనిషి కదా, ఆ లెక్కన చూస్తే మీ మీదకి ఎందుకు నెడుతున్నారు?

మా చిన్నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు ఆశ లేదన్నారు, మందులూ వాడారు, మేమూ రాత్రులు కూర్చుని ప్రార్థన చేశాం, ఇంటికి వచ్చారు. మందు ఎంత పని చేసింది ప్రార్థన ఎంత పని చేసింది అని నేను విడదీయను. రెండూ ఆయనవే.

ఒంగోలు అయ్యగారు:

బ్రదర్ చెప్పింది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను, అడగడం ఆపకూడదు. ఒకటే కలుపుతా. పౌలు చేతిగుడ్డలు తీసుకెళ్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. అదే పౌలు చివరి ఉత్తరంలో "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని" అని రాశాడు. త్రోఫిముకి విశ్వాసం లేదని రాయలేదు, పాపం ఉందని రాయలేదు. తన శరీరంలో ముల్లు గురించి మూడుసార్లు వేడుకుంటే దేవుడు తీసెయ్యలేదు, నా కృప నీకు చాలును అన్నాడు. మనం అడగాలి, ఆయన ఏం ఇస్తాడో ఆయన నిర్ణయిస్తాడు.

ఉద్దానం అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్ అండి. హిజ్కియా అధ్యాయం నిన్న రాత్రి అమ్మకి చదివి వినిపించా, అంజూరపు ముద్ద దగ్గర ఆగి మళ్లీ చదవమంది. ఏమీ అనలేదు గానీ పొద్దున నాన్న బట్టలు హాస్పిటల్ సంచిలో తనే సర్దింది. నాన్న ఇంకా వెళ్తా అని అనలేదు, వెళ్లను అని కూడా అనలేదు.

ఇంకోటి అడగాలి, ఇది అమ్మకి కాదు నాకు. బ్రదర్ గారు గట్టిగా అడగమన్నారు, నాకు అడగబుద్ధి కావట్లేదు. మోకాళ్లూనితే మాట రాదు. రెండు మూడేళ్ల నుంచి అడిగిందే అడిగి అడిగి నోరు ఎండిపోయింది. చర్చిలో పాట పాడుతుంటే అందరూ చేతులు ఎత్తుతారు, నాకు లోపల ఏమీ అనిపించదు. ఇది విశ్వాసం పోవడమే కదా? ఒకవేళ నాన్న నిజంగా పోతే నేను దేవుణ్ణి నమ్మగలనో లేదో కూడా తెలియట్లేదు, ఈ మాట మా చర్చిలో ఎవరితో అనలేను.

నరసాపురం అత్తయ్య:

అమ్మలూ, ఇది ఇక్కడ అన్నావు చాలు, దేవుడు వింటున్నాడు. నేను భర్తని పోగొట్టుకున్నదాన్ని, క్యాన్సరు. ఊరంతా ప్రార్థన చేశారు, నేనూ చేశా, బాగుచేస్తాడనే నమ్మాను, ఆయన పోయారు. కాబట్టి నువ్వు అడిగినదానికి పుస్తకంలోంచి కాకుండా చెప్పగలను.

ముందు ఆ మాట రాకపోవడం గురించి. రోమా 8:26 తీసి చూడు, ఎలా ప్రార్థించాలో మనకి తెలియదు, ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడు అని ఉంది. నీ నోరు ఎండిపోయినప్పుడు ప్రార్థన ఆగిపోలేదు, నీ బదులు ఆయన చేస్తున్నాడు. 88వ కీర్తన చదివావా ఎప్పుడైనా? మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు, చీకటితోనే అయిపోతుంది. అయినా దేవుడు దాన్ని బైబిల్లో ఉంచాడు, మన నోటికి ఇచ్చాడు. అది రాసినవాడు మొదటి మాటే నాకు రక్షణకర్తవగు దేవా అని పిలిచాడు, చివరిదాకా ఆయనతోనే గొడవపడ్డాడు గాని ఆయన్ని వదిలి వెళ్లలేదు. నీకు చేతులు ఎత్తబుద్ధి కాకపోతే ఎత్తకు, ఆ కీర్తన పైకి చదువు, అదే నీ ప్రార్థన. మార్కు 9లో పిల్లవాడి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు, ముందు అపనమ్మకం పోగొట్టుకుని రా అప్పుడు చూస్తా అని ప్రభువు పంపెయ్యలేదు, అప్పుడే పిల్లవాణ్ణి బాగుచేశాడు.

ఇంక నాన్న పోతే నమ్మగలనా అన్నావు. రేపటి కష్టానికి కావలసిన బలం ఈరోజు చేతిలో ఉండదమ్మా, వెతుక్కుంటే దొరకదు, దొరకలేదని భయపడకు. నాకు మావారు పోయిన రోజు ఆ రోజుకి సరిపడా దొరికింది, అంతకు ముందు రోజు లేదు. నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా, చాలా రోజులు కోపంగానే ఉన్నా. ప్రభు సంస్కారపు బల్ల దగ్గరికి వెళ్లి రొట్టె చేతిలోకి తీసుకుని కన్నీళ్లు కారుస్తూ తిన్నా, మా సంఘంలో ఒక పెద్దావిడ ఒక్క మాట మాట్లాడకుండా ప్రతి ఆదివారం నా పక్కన వచ్చి కూర్చునేది, ఆ రోజుల్లో ఆవిడ నమ్మకం మీద నేను నిలబడ్డా. నీకు విశ్వాసం లేదనిపించిన రోజున పక్కవాళ్ల విశ్వాసం వాడుకో, సంఘం ఉన్నదే అందుకు.

మా నరసాపురం వైపు బ్రదరెన్ సంఘాలకి మొదలు 1836లో మిషనరీ గ్రోవ్స్ దొరగారితో ఇండియాకి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు. ఆ గ్రోవ్స్ గారి చెల్లెలు మేరీనే బ్రిస్టల్లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ భార్య. ముల్లర్ గారు అంటే అందరికీ తెలిసింది ఆయన అడిగితే దేవుడు ఇచ్చాడు అనే, పిల్లలకి రొట్టె లేకపోతే ప్రార్థన చేశారు రొట్టె వచ్చింది అనే కథలే. మేము చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నది అదే. 1870లో ఆ మేరీ గారు జబ్బుపడి పోయారు, దాదాపు 40 ఏళ్ల కాపురం. అన్ని ప్రార్థనలకి జవాబు చూసిన మనిషి భార్య భూస్థాపన రోజున తనే నిలబడి కీర్తన 119:68 మీద వాక్యం చెప్పారు, "నీవు దయాళుడవై మేలు చేయుచున్నావు" అని. రొట్టె వచ్చిన కథల కన్నా నాకు ఇదే పెద్ద విశ్వాసం అనిపిస్తుంది. దేవుడు ఇచ్చినప్పుడు మంచివాడు అని ఎవరైనా అంటారు.

ఒక్క జాగ్రత్త. నాన్నకి ఏమైనా అయితే మీ విశ్వాసం తక్కువ అయింది అందుకే అని ఎవరైనా అంటారు, నాకూ అన్నారు, శవం ఇంట్లో ఉండగానే అన్నారు. యోబు స్నేహితులు అధ్యాయాల తరబడి ఇదే పాట పాడితే చివరికి దేవుడు వాళ్ల మీద కోపపడి, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదు అన్నాడు. దేవుణ్ణి నిలదీసిన యోబే సరిగ్గా మాట్లాడాడన్నమాట. అది గుర్తు పెట్టుకో.

గుణదల నుంచి:

మేము కథోలికులం, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకి కొండ ఎక్కేవాళ్లని ప్రతి సంవత్సరం చూస్తుంటా. జబ్బు బాగై మొక్కు తీర్చుకోడానికి వచ్చేవాళ్లు ఉంటారు, బాగవకపోయినా మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లూ ఉంటారు, చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డని ఎత్తుకుని ఎక్కే తల్లుల్ని చూశా. ఈ రెండో రకం వాళ్లని ఏమీ అనకుండా వాళ్లతో కలిసి నాలుగు మెట్లు ఎక్కడం మన పని. మీ నాన్నగారి కోసం రేపు పూజలో ప్రార్థన పెట్టిస్తాను తల్లీ.

బెజవాడ బ్రదర్:

సిస్టర్, మీరు అడగలేకపోతే పర్లేదు, మీ నాన్నగారి కోసం మేం అడుగుతాం. పైకప్పు విప్పింది ఆ నలుగురే కదా. శుక్రవారం మా ఉపవాస ప్రార్థనలో పేరు చెప్పకుండా పెడతాను. మీ సొంత సంఘ కాపరితో కూడా ఒకసారి మాట్లాడండి, బయటి మనిషి వచ్చి మీ ఇంట్లో ఇలా చెప్తున్నారని ఆయనకి తెలియాలి, రోగుల దగ్గరికి ఎవరు వచ్చి ఏం చెప్తున్నారో చూసుకోవడం కాపరి బాధ్యత.

ఉద్దానం అమ్మాయి:

అత్తయ్యా, 88వ కీర్తన ఈరోజు డాబా మీద కూర్చుని పైకి చదివాను. ఇలాంటిది బైబిల్లో ఉందని నాకు తెలియదు. చాలాసేపు ఏడ్చాను.

నాన్న ఈరోజు సెషన్‌కి వెళ్లాడు. తనే అన్నాడు, ఆ రాజుకే ముద్ద వేశారంట, నేనెంత అని. పాస్టర్ గారికి ఫోన్ చేశాం, రేపు సాయంత్రం ఇంటికి వస్తానన్నారు, యాకోబు 5లో ఉన్నట్టు నూనె రాసి ప్రార్థన చేస్తానన్నారు, బయటినుంచి వచ్చే ఆ దైవజనుడి గురించి తను మాట్లాడతానన్నారు. కార్డు ఫైల్లోనే ఉంది, అమ్మ తియ్యనంది, నేనూ తియ్యమని అనలేదు.

కువైట్ అక్కా ఒక డౌట్. వచ్చే ఆదివారం ప్రభు సంస్కారం ఉంది, నీళ్లు లెక్క, పొటాషియం లెక్క అని నాన్న రెండు నెలలుగా బల్లలో పాల్గొనట్లేదు, ద్రాక్షరసం కదా అని భయపడుతున్నాడు. తీసుకోవచ్చా?

కువైట్ నర్సు అక్క:

సంతోషంగా తీసుకోమని చెప్పు. చర్చిలో ఇచ్చే ఆ చిన్న కప్పు ఒక గుక్క కూడా ఉండదు, అంతమాత్రానికి ఏం కాదు, ఆరోజు తాగే నీళ్ల లెక్కలో అది కూడా కలిపేసుకోండి చాలు. ఈసారి సెషన్‌కి వెళ్లినప్పుడు అక్కడి సిస్టర్‌కి కూడా ఒక మాట చెప్పి రిపోర్టులో పొటాషియం ఎంతుందో అడగండి. బరువుల పేపర్ ఫొటో తీసి పెట్టు, నేను డ్యూటీ అయ్యాక చూస్తా.